క్యాంపు గదిలో కాకతీయ కోట

సోనాపూర్ అంటే బంగారు ఊరు. పేరు ఒక్కటే వింటే ఏ మాంత్రికుడో కాపలా కాసే మాయా పట్నం గుర్తొస్తుంది. దుబాయ్ శివార్లలోని ఈ బంగారు ఊళ్లో మేముండేది ఎనిమిది మంచాల గది. కింద నాలుగు, పైన నాలుగు. ఒక ఏసీ, ఒక ఫ్రిజ్, గోడలకు పిల్లల ఫొటోలు, మంచాల కింద సూట్‌కేసులు. ఆ సూట్‌కేసుల మధ్య టేపు చుట్టిన ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఓరుగల్లు ఉంది, గోబీ ఎడారి ఉంది, కాశీకి పోయే కాలిబాట ఉంది. ఈసారి ఆ పెట్టె ముచ్చట చెప్పుకుందాం.

మా గదిలో జగిత్యాల వాళ్లు ముగ్గురు, నల్గొండ ఒకరు, తూర్పు, పశ్చిమ గోదావరి వాళ్లు ఇద్దరు, కడప ఇద్దరు. రాష్ట్రం రెండయినా గది ఒక్కటే. వంట ఒక్కటే, చెత్తబుట్ట ఎవరు తీయాలన్న తగువూ ఒక్కటే. మేస్త్రీ, షటరింగ్ కార్పెంటర్, స్టీల్ ఫిక్సర్, ఏసీ మెకానిక్, డ్రైవర్... ఎవరి పని వారిది. సాహిత్యం అన్న మాట మా గదిలో ఎవరి నోటా వచ్చేది కాదు. పుస్తకం చదవడమంటే పాస్‌పోర్టులో వీసా గడువు చూసుకోవడమే!

రెండేళ్ల కింద ఒక సెలవు రాత్రి ఫోన్లో 'రుద్రమదేవి' సినిమా మళ్లీ పెట్టుకున్నాం. 2015లో వచ్చినప్పుడే అందరం చూసిందే. అల్లు అర్జున్ గోన గన్నారెడ్డిగా వచ్చినప్పుడల్లా జగిత్యాల బ్యాచ్ ఈలలు వేయడం, గోదావరి వాళ్లు విసుక్కోవడం మామూలే. సినిమా అయ్యాక కాక ఒక ప్రశ్న వేశాడు. కాక అంటే మా గదిలో అందరికంటే పెద్దాయన, జగిత్యాల దగ్గరి ఊరు, రాతి కట్టుబడిలో చేయి తిరిగిన మేస్త్రీ. "తమ్మీ, ఈ గన్నారెడ్డి నిజంగ ఉన్నడా, లేకుంటే సినిమావోళ్లు పుట్టిచ్చిన్రా?"

ఎవరికీ తెలియదు. నల్గొండ తమ్ముడు మాత్రం, "ఉన్నడు కాకా, ఆయన మీద పాతకాలం నవల గూడ ఉంది. మా కాలేజీ లైబ్రరీలో చూసిన" అన్నాడు. సైట్లో టైమ్‌కీపర్ పని చేస్తాడు. డిగ్రీ రెండో ఏడు దాకా చదివి ఇటొచ్చాడు. ఆ తర్వాత సెలవుకు పోయి వస్తూ వస్తూ హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో వెతికి పట్టుకొచ్చాడు... అడివి బాపిరాజు రాసిన 'గోన గన్నారెడ్డి'.

ఎయిర్‌పోర్టులో కాటా మీద ముప్ఫై కిలోలు దాటితే ఏం తీయాలన్నది మనందరికీ తెలిసిన బాధే. తమ్ముడు ఆ రోజు గోంగూర పచ్చడి డబ్బా తీసి తమ్ముడికిచ్చి, పుస్తకం ఉంచుకున్నాడట. ఆ సంగతి తెలిసి గదిలో వారం రోజులు తిట్లు తిన్నాడు.

చదివేది ఒకరు... వినేది ఏడుగురు

కాకకు సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. మరో ఇద్దరికి చదువు వచ్చినా కూడబలుక్కోవాలి. అందుకని తమ్ముడు పైకి చదవడం, మిగతావాళ్లం వినడం మొదలైంది. రాత్రి వంటలయ్యాక అరగంట. ఒకడు ఉల్లిపాయలు తరుగుతూ, ఒకడు బూట్లు కడుక్కుంటూ, ఒకడు పై మంచం మీద నుంచి కాళ్లు వేలాడేసి. తెల్లవారి నాలుగున్నరకు బస్సు, కాబట్టి అరగంట దాటడానికి లేదు. మంచి పట్టులో ఉన్నప్పుడు ఆపేసరికి "ఇంకొక్క పేజీ అండీ బాబూ" అని గోదావరి ఆయన బతిమాలడం. ఒక్క పేజీ నాలుగు పేజీలయ్యేది.

ఎండాకాలం వచ్చాక ఇంకో సమయం దొరికింది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించరాదన్నది ఇక్కడి చట్టం. ఆ రెండున్నర గంటలూ నీడపట్టున అట్టముక్కలు పరుచుకుని పడుకోవడం మన అలవాటు. మేం సగంసేపు పడుకుని, సగంసేపు ఓరుగల్లు పోయేవాళ్లం. బయట గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొడుతుంటే లోపల పెళ్లి పందిరి! ఆ పెళ్లి జరగబోతుండగా గజదొంగ వచ్చి పెళ్లికొడుకును ఎత్తుకుపోతాడు. నవల మొదలే అది. పెళ్లికూతురిని ఎత్తుకుపోవడం విన్నాం గానీ పెళ్లికొడుకును ఎత్తుకుపోవడమేమిట్రా అని ఆ మధ్యాహ్నం ఎవరూ నిద్రపోలేదు.

ఇలాంటి నవలల్లో రుచి అక్కడే ఉంది. కథలో వచ్చే మనుషులు కొందరు నిజంగా బతికినవాళ్లు. ఊళ్లు నిజమైనవి. వాటి మధ్య రచయిత ఒక గజదొంగను, ఒక రహస్యాన్ని, ఒక ప్రేమను పెడతాడు. లోకం దృష్టిలో దొంగ, లోలోపల రాణికి అండ... ఆ మెలిక ఎప్పుడు విప్పుతాడా అని ఎదురుచూడటమే సగం ఆనందం. సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. నవల మాకు దాదాపు నాలుగు నెలలు వచ్చింది. జీతం తారీఖు, సెలవు తారీఖు తప్ప ఎదురుచూడటానికి ఇంకేమీ లేని చోట రోజూ రాత్రి ఒకటి ఉండటం ఎంత పెద్ద సంగతో గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

బాపిరాజు 1952లోనే పోయారు. ఆయన చిత్రకారుడు కూడా. ఆ సంగతి తెలియకపోయినా వినేవాడికి తెలిసిపోతుంది. చీర రంగు, నగల తీరు, గుర్రం మెడ వంపు, అన్నీ కుంచెతో దిద్దినట్టే చెబుతారు. ఒక్కోసారి మరీ ఎక్కువగా చెబుతారు కూడా. అలాంటిచోట "నగలు తర్వాత చూద్దాం, గుర్రం ఎక్కించు" అని గదిలో కేకలు. తమ్ముడు మాత్రం ఒక్క వాక్యం వదలకుండా చదివేవాడు. "ఆయన అంత కష్టపడి రాసిండు, నువ్వు వినలేవా?" అని దబాయింపు.

గదిలో యుద్ధం

అంతా నవ్వులే అనుకోకండి. ఈ నవల వల్ల నాలుగు రోజులు గదిలో మాటలు బందయ్యాయి.

రుద్రమ భర్త చాళుక్య వీరభద్రుడు నిడదవోలు వాడు. ఇది చరిత్రే. మా పశ్చిమ గోదావరి ఆయనది నిడదవోలు పక్కనే. ఇంకేముంది! "మా ఊరి కుర్రాడేనండీ ఓరుగల్లు అల్లుడు" అని రోజూ ఒకసారి గుర్తుచేయడం. కడప ఆయన ఊరుకుంటాడా? తమ్ముడిని పట్టుకుని, "మా దిక్కు నుంచి ఒగడైనా ఉన్నాడా లేదా చెప్పు" అని పీక్కుతిన్నాడు. తమ్ముడు వెతికి చెప్పాడు. కాయస్థ అంబదేవుడు. కడప జిల్లా వల్లూరు కేంద్రంగా ఏలిన సామంతుడు. కాకతీయుల మీద తిరగబడి స్వతంత్రుడయ్యాడు. ఆయన వేయించిన 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన గెలుపులన్నీ చెప్పుకున్నాడు.

"అంటే మీవోడు వెన్నుపోటుగాడా?" అన్నారెవరో. అంతే. ఏడొందల ఏళ్ల కిందటి తగువు మా పొయ్యి దగ్గర మళ్లీ రాజుకుంది. వెన్నుపోటు నుంచి నీళ్లకు, నీళ్ల నుంచి రాష్ట్రం విడిపోవడానికి, అక్కడి నుంచి ఇళ్లల్లో ఆడవాళ్ల దాకా పోయింది మాట. కడప ఆయన తన పళ్లెం తీసుకుని పక్క గదిలో భోంచేశాడు. నాలుగు రోజులు పుస్తకం తెరవలేదు. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ గది శవం లేచిన ఇల్లులా ఉంది.

అయిదోరోజు కాకే కదిలాడు. తమ్ముడిని అడిగాడు, "మా దిక్కు ఎవలన్న ఉన్నరా, ఓరుగల్లోళ్లతోటి కొట్లాడినోళ్లు?" ఉన్నారు. జగిత్యాల పక్కన పొలాస. పాత పేరు పొలవాస. అక్కడి మేడరాజుకూ కాకతీయులకూ పన్నెండో శతాబ్దంలో యుద్ధాలు జరిగాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163లో రుద్రదేవుడు వేయించిన శాసనంలో ఆ గెలుపు సంగతి ఉంది. (ఈ రుద్రదేవుడు వేరు, రుద్రమకు ముందుతరాల వాడు.) కాక ఇదంతా విని కడప ఆయన మంచం దగ్గరికి పోయి, "నువ్వు ఒక్కనివే అనుకుంటున్నవా? మావోడు మీవోనికంటె ముందే తిరగబడ్డడు, ఓడిపోయిండు. రా, బువ్వ తిను" అన్నాడు. నవ్వు ఆపుకోలేక కడప ఆయన లేచాడు.

ఆ తర్వాత గదిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. చదువుతుంటే ఎవరికి అనుమానం వచ్చినా అడగాలి: ఇది శాసనంలో ఉన్నదా, రాసినాయన అల్లుకున్నదా? తమ్ముడు ఫోన్లో వెతికి మర్నాడు చెప్పాలి. ఉదాహరణకు గణపతిదేవుడికి కొడుకులు లేకపోవడం, కూతురికి రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టి రాజ్యం అప్పగించడం చరిత్ర. రుద్రమ 1262 నుంచి 1289 దాకా ఏలిందన్నది చరిత్ర. గోన గన్నారెడ్డి వర్ధమానపురం ఏలిన సామంతుడన్నదీ చరిత్రే. ఆ ఊరే ఇప్పటి నాగర్‌కర్నూల్ దగ్గరి నందివడ్డెమాన్. గజదొంగ వేషం, పెళ్లికొడుకును ఎత్తుకుపోవడం బాపిరాజు కల్పన. కల్పన అని తెలిశాక రుచి తగ్గుతుందేమో అనుకున్నాం. తగ్గలేదు. పులుసులో చింతపండెంతో బెల్లమెంతో తెలిసినవాడికి పులుసు ఇంకా బాగుంటుంది కదా, అలాగ.

ఈ వెతుకులాటలోనే ఒక విషయం తెలిసి తమ్ముడు గంతేశాడు. రుద్రమ మరణం గురించి చెప్పే శాసనం నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఉంది. 1289 నవంబర్ నాటిది. రాణీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారని, వారికి పుణ్యం కలగాలని ఒక సేవకుడు భూమి దానం చేసి వేయించాడు. బాపిరాజు పోయిన చాలా ఏళ్లకు గానీ చరిత్రకారుల చూపు దాని మీద పడలేదు. అంటే నవల రాసేనాటికి ఆయనకు తెలియని సంగతి మా గదికి తెలుసు! చందుపట్ల తమ్ముడి ఊరికి బస్సులో ముప్పావుగంట. "చిన్నప్పటి నుంచి ఆ రోడ్డు మీద తిరిగిన, ఒక్కనాడు ఆగి చూడలే" అని ఆ రాత్రంతా బాధపడ్డాడు.

మేస్త్రీ చూసిన కోట

కోటల సంగతి వచ్చినప్పుడు మాత్రం తమ్ముడు చదవడం, కాక చెప్పడం. ఓరుగల్లులో ఇప్పటికీ లోపల రాతికోట, బయట మట్టికోట ఆనవాళ్లు కనిపిస్తాయి. రెండింటి చుట్టూ కందకాలు. మాలో ఒకడు, "రాయి దొరికే చోట మట్టిగోడ ఎందుకు కాకా, డబ్బులు చాలకనా?" అన్నాడు. కాక గోరువెచ్చని టీ ఊదుకుంటూ, "మట్టిని తక్కువ చూడకు. రాతిగోడకు దెబ్బ తగిల్తె పగుల్తది. మట్టి కట్ట కుంగుతది గని పగలదు. ఎంత కొట్టినా మింగుతది" అన్నాడు.

మర్నాడు తమ్ముడు వెతికి చూపించాడు. 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం ఓరుగల్లును ముట్టడించినప్పటి సంగతులు రాసిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో కూడా ఆ మట్టిగోడ గట్టిదనాన్ని మెచ్చుకున్నాడు. ఉక్కు బల్లెం దిగదని, విసిరిన రాతిగుండు తగిలినా వెనక్కి ఎగిరిపడుతుందని రాశాడు. చదువురాని మా మేస్త్రీ, చదువుల ఖుస్రో ఒకే మాట చెప్పారు. కాక మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఆయన మట్టిపని చూసిండేమో" అన్నాడు.

రోజంతా ఇతరుల కోసం టవర్లు కట్టే మనుషులం మేం. కట్టిన తర్వాత అందులోకి మమ్మల్ని రానివ్వరు. అందుకేనేమో నవలలో కోట కట్టే కూలీల గురించి ఎక్కడైనా ఒక్క ముక్క వస్తే చెవులు రిక్కించి వినేవాళ్లం. అవి తక్కువే. రాజుల నవలల్లో రాళ్లు మోసినవాళ్లు కనపడరు. అది లోటే. ఎంత అభిమానం ఉన్నా ఒప్పుకోవాలి.

చివరి పేజీలు లేవు

పుస్తకం చివరికొస్తుండగా తెలిసింది అసలు సంగతి. ఫుట్‌పాత్ పుస్తకం కదా, ఆఖరి పేజీలు ఊడిపోయాయి! ఎన్ని పోయాయో కూడా తెలియదు. కథ మంచి పట్టులో ఉండగా అట్ట వచ్చేసింది. తమ్ముడు అట్టను తిరగేసి చూశాడు, పెట్టెలో చూశాడు, మంచం కింద చూశాడు. కొన్నప్పుడు చూసుకోనందుకు మళ్లీ తిట్లు. ఈసారి పచ్చడి డబ్బాతో సహా.

అప్పుడు మొదలైంది అసలు సరదా. ఎనిమిది మందికి ఎనిమిది ముగింపులు. గోదావరి వాళ్లిద్దరూ పెళ్లిళ్లు చేసి విందు పెట్టారు. కడప ఆయన రెండు తలలు నరికించాడు. స్టీల్ ఫిక్సర్ తమ్ముడు గన్నారెడ్డిని ఓడెక్కించి అరబ్బు దేశం పంపించాడు. "ఎందుకురా?" అంటే "వాడు కూడా రావాలి గదన్నా, చూడాలి గద ఇక్కడ!" అన్నాడు. కాక ముగింపు చిన్నది. గన్నారెడ్డి అందరి ముందు తాను దొంగ కాదని చెప్పుకోడు. రాణికి తెలుసు, అది చాలు అనుకుని గుర్రమెక్కి ఊరికి పోతాడు.

ఆ వారమే కాకకు కబురొచ్చింది. కంపెనీలో పని తగ్గింది, వయసు పైబడినవాళ్ల వీసాలు క్యాన్సిల్ చేస్తున్నారు. పందొమ్మిదేళ్ల నౌకరీ. లెక్క చూసి ఇవ్వాల్సింది పూర్తిగా ఇవ్వలేదు. తిరిగితే వస్తుందేమో, తిరగడానికి ఓపిక లేదన్నాడు. ఎవరి మీదా కోపం చూపించలేదు. సూట్‌కేసు కట్టాం, రెండు దుప్పట్లు, పిల్లలకు చాక్లెట్లు, మనవరాలికి బొమ్మ. తాపీ మాత్రం చేతిసంచిలో పెట్టుకుంటానన్నాడు. చేతిసంచిలో రానివ్వరంటే పెద్దపెట్టెలో పెట్టాం. బస్సెక్కేటప్పుడు తమ్ముడిని పిలిచి అన్నది ఒక్కటే: "ఆఖరికేమైందో తెలిస్తె నాకు చెప్పాలె."

మూడు నెలల తర్వాత సెలవు నుంచి వచ్చిన గోదావరి ఆయన విజయవాడలో కొన్న కొత్త ప్రతి తెచ్చాడు. పేజీలన్నీ ఉన్నాయా లేదా అని కొట్లోనే నిలబడి లెక్కపెట్టాడట. ఇక్కడి నుంచి వాట్సాప్ కాల్ కలవదు గానీ వాయిస్ మెసేజ్ పోతుంది. తమ్ముడు ఆఖరి పేజీలు చదివి ముక్కలు ముక్కలుగా కాకకు పంపాడు. కువైట్‌లో ఇంటిపని చేసే కడప ఆయన అక్కకు కూడా అవే పోయాయి. ఆమె అప్పటికే మొదటి నుంచీ వింటోంది. పని ముగించుకుని రాత్రి పన్నెండింటికి చెవిలో పెట్టుకుని వినేదట. నడుమ నడుమ తమ్ముడికి మెసేజ్: "అన్నాంబిక మళ్లీ యెప్పుడొచ్చాది రా అబ్బీ?"

ముగింపు ఏమిటో ఇక్కడ చెప్పం. చదవబోయేవాళ్ల నోటికాడి ముద్ద లాక్కోవడం మాకెందుకు? కాక విన్నాడు. రెండు రోజులు జవాబు లేదు. మూడోనాడు పంపాడు: "మంచిగనే రాసిండు. గని మనం చెప్పుకున్నవే బాగున్నయి."

మజిలీ మజిలీకి ఒక కథ

ఆ తర్వాత పెట్టె నిండటం మొదలైంది. ఇంటికెళ్లిన ప్రతివాడూ ఒకటి తేవాలన్నది కొత్త కట్టుబాటు. రుద్రమ మీదే నోరి నరసింహశాస్త్రి రాసిన నవల కూడా దొరికింది. ఒకే రాణిని ఇద్దరు రచయితల చేతుల్లో చూడటం, ఒకే పెళ్లిని రెండు వీడియోల్లో చూసినట్టు తమాషాగా ఉంది. విశ్వనాథ సత్యనారాయణ 'పురాణవైర గ్రంథమాల' పన్నెండు నవలల్లో ఒకటి తెచ్చాం. మూడు రాత్రులు ప్రయత్నించి పక్కన పెట్టాం. ఆయన పట్టిన కాలగణన చరిత్రకారులు చాలామంది ఒప్పుకోనిది. దానికి తోడు వాదం ఎత్తుకుంటే పేజీలకు పేజీలు కదలరు. పొద్దున నాలుగున్నరకు బస్సున్నవాళ్లకు అది కష్టం. రిటైరయ్యాక చూస్తాం.

చందమామ సీరియళ్లు మాత్రం అందరినీ పడగొట్టాయి. 'తోకచుక్క', 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం', 'భల్లూక మాంత్రికుడు'... చిత్ర గారి బొమ్మలతో సహా మనలో నలభై దాటినవాళ్లకు ఇవి గుర్తుండే ఉంటాయి. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామలో చేరి దశాబ్దాల పాటు పనిచేశారు. ఆ సీరియళ్ల మీద ఆయన పేరు వేసేవారు కాదు. పాఠకులకు మాంత్రికుల పేర్లన్నీ తెలుసు, రాసినాయన పేరు తెలియదు. ఇంకో తమాషా, ఇన్ని మంత్రాలు రాసిన ఆ మనిషి పక్కా హేతువాది. ఆయన 2010లో పోయారు. చందమామ కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. పాత సంచికలు ఇప్పుడు ఫోన్లోనే చదువుకోవచ్చు. మొదలుపెట్టాలనుకునేవాళ్లకు మేమైతే ఇవే చెబుతాం. భాష తేలిక, ప్రతి నెలా సస్పెన్సు, పిల్లలకు వీడియో కాల్‌లో చదివి వినిపించొచ్చు కూడా.

ఇక 'కాశీ మజిలీ కథలు'. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన పన్నెండు భాగాలు. భాష పాతది, గ్రాంథికం. తేలిక తెలుగులో తిరగరాసినవీ ఉన్నాయి, వాటితో మొదలుపెడితే మేలు. కథ కంటే ముందు దాని కట్టు చూడండి. మణిసిద్ధుడనే యతికి కాశీ పోవాలని ఉంది. తోడు లేదు. అన్ని నెలల నడక ఎవరొస్తారు? చివరికి పశువులు కాచుకునే ఒక కుర్రాడు ఒప్పుకుంటాడు. షరతు ఒక్కటే. దారిలో తాను చూసిన వింతకల్లా కథ చెప్పాలి. అట్లా మజిలీకో కథ. అది వింటుంటే కడప ఆయన మధ్యలో ఆపి అన్నాడు, "వాడు తెలివైనోడు నా. మనకు ఏజెంటును అట్లా అడగాలని తెల్లేదు."

ఇప్పుడు చదువుతున్నది తెన్నేటి సూరి 'చెంగిజ్ ఖాన్'. పేరు చూడగానే మా బస్సు డ్రైవర్, పెషావర్ పఠాన్, "ఖాన్ హమారా ఆద్మీ" అన్నాడు. ఖాన్ అన్నది అప్పట్లో ఇంటిపేరు కాదు, ఏలికకు ఇచ్చే బిరుదు. ఆకాశాన్ని దేవుడిగా కొలిచే మంగోలు తెగలో టెముజిన్‌గా పుట్టినవాడు 1206లో ఆ బిరుదు పొందాడు. తండ్రి పోయి, సొంతవాళ్లే వదిలేస్తే తల్లితో కలిసి ఆకలికి ఎదురీదిన పిల్లవాడు. ఇసుక తుఫాను వచ్చిన రోజు సైట్ ఆపేసి కంటెయినర్ గదిలో కూర్చుని ఆ భాగం చదువుకున్నాం. తలుపు సందుల్లోంచి ఇసుక పుస్తకం మీద పడుతోంది. వేరే వర్ణన అక్కర్లేకపోయింది. పెద్దయ్యాక అతడు తగలబెట్టిన పట్నాల సంగతి చరిత్రలో ఉంది. ఆ లెక్క నవలలో ఎంతవరకు వస్తుందో చూడాలి. అతన్ని వీరుడనాలా కాదా అని గదిలో ఇప్పటికే రెండు పార్టీలు. ఈసారి మాత్రం ఎవరూ పళ్లెం తీసుకుని పక్క గదికి పోలేదు.

వాయిస్ మెసేజ్‌లు పోతూనే ఉన్నాయి. కువైట్‌కు, జగిత్యాలకు. కాక పొలం దగ్గర ఫోన్ గట్టిగా పెట్టుకుని వింటుంటే పక్క పొలం వాళ్లు కూడా వచ్చి కూర్చుంటున్నారట. మొన్న సైట్లో స్లాబ్ పోయడం వల్ల రెండు రాత్రులు ఓటీ పడింది, తమ్ముడు చదవలేకపోయాడు. మూడోరోజు పొద్దున్నే కాక గొంతు: "ఏమైన్రు తమ్మీ, మంచిగున్నరా అందరు? ఆ పోరడు నది దాటిండా లేదా? ఈడ నలుగురు కూసున్నరు. జల్ది పంపు, బర్రెలకు నీళ్లు పెట్టేదుంది."